పాత అమెరికన్ రైఫిల్ లాక్ మీద ఉన్న పేరు, దాన్ని చేసినవాడిదేనా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఒహైయోలో ఎవరింట్లోనో పాత సామాన్లు అమ్ముతుంటే, గొట్టం నోట్లోంచి తుపాకిమందు కూరే పాతకాలపు రైఫిల్ ఒకటి కొన్నారు. పక్కనున్న లాక్ పలక మీద "గోల్చర్" అని చెక్కి ఉంది. ఆ రైఫిల్ చేసింది అతనేనా అన్నది మొదటి సందేహం. ఇత్తడి భాగాలు నల్లబడ్డాయి, ఇండియా నుంచి వచ్చిన మీ అమ్మగారు చింతపండు పెట్టి తోముతానంటున్నారు, తోమవచ్చా అన్నది రెండోది.

మొదటిదానికి "బహుశా కాదు", రెండోదానికి "వద్దే వద్దు". వివరంగా చెబుతాను. కాని అంతకంటే ముందు, మీరు అడగని ప్రశ్న ఒకటి ఉంది. అందులో మందు ఉందా?

నవ్వకండి. నేను సెయింట్ లూయిస్‌కు వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. మా పక్కింటి పెద్దాయన మెషినిస్టుగా పనిచేసి రిటైరయ్యారు. జీవితమంతా ఉక్కు అచ్చులు చెక్కిన మనిషి. నిచ్చెన అడగడానికి వెళ్ళిన పరిచయం కాస్తా, నా శనివారాలు ఆయన గ్యారేజీలోనే సగం గడిచేదాకా వచ్చింది. ఆయన ముందుగదిలో చలిమంట గూటికి పైన ఒక రైఫిల్ ఉండేది. ఒకసారి గోడకు రంగు వేయించాలని దాన్ని దింపాల్సి వచ్చింది. ఒక కొస ఆయన, ఒక కొస నేను పట్టుకున్నాం. కింది నుంచి చూస్తే సన్నగా కనిపించే వస్తువు, దించి తూచితే పదకొండు పౌన్లు, అంటే దాదాపు ఐదు కిలోలు ఉంది.

ఎలాగూ దింపాం కదా అని ఆయన గొట్టం కింద దూర్చి ఉన్న కర్రను లాగి, నోట్లోంచి లోపలికి పోనిచ్చారు. చివర తగిలాక, నోటి దగ్గర కర్రను బొటనవేలితో పట్టుకుని బయటికి తీశారు. అదే కర్రను గొట్టం పక్కన ఆనించి చూశారు. లోపల ఏమీ లేకపోతే కర్ర కొస, వెనక సుత్తి కొట్టే చోట క్యాప్ (మందును అంటించే చిన్న రాగి టోపీ) పెట్టే ముక్కు దాకా రావాలి. రెండు వేళ్ళ దూరంలోనే ఆగిపోయింది. మళ్ళీ చూశారు, మళ్ళీ అంతే. కాసేపు ఇద్దరమూ మాట్లాడలేదు. తర్వాత ఆయన మెల్లగా అన్నారు: "చిన్నప్పుడు నేనూ మా తమ్ముడూ దీంతోనే దొంగ-పోలీసు ఆడుకున్నాం."

ఆ నల్లటి తుపాకిమందు తేమ తగలకపోతే వందేళ్ళయినా చావదు. అందుకే మీరు ముందుగా ఆ కర్ర పరీక్ష చేయండి, నోటికి ఎదురుగా మొహం పెట్టకుండా. దూరం తేడాగా వస్తే ఇంట్లో తీసే ప్రయత్నం చేయకండి, ఇటువంటి తుపాకుల పని తెలిసిన కమ్మరి దగ్గరికి తీసుకెళ్ళండి. పెద్దాయనా అదే చేశారు. అక్కడి పనివాడు వెనకవైపు నుంచి లోపలికి నూనె పోసి రెండు రోజులు నానబెట్టి, కొసకు మర ఉన్న కడ్డీతో సీసపు గుండును మెల్లగా బయటికి లాగాడు. గుండు తెల్లగా బూజు పట్టినట్టు ఉంది. దాన్ని చుట్టుకుని ఒక చిన్న గుడ్డముక్క. దాని మీద నీలి చారలు ఇంకా చెరగలేదు. పరుపులకూ దిండ్లకూ కుట్టే మందపాటి చారల గుడ్డ అది. గుండు గొట్టానికి బిగుతుగా పట్టడానికి అప్పట్లో ఆ గుడ్డనే చింపి వాడేవారు. వాళ్ళింట్లో ఏ ఇల్లాలి దిండు గలీబో అది!

ఇక మీ మొదటి ప్రశ్నకు వస్తాను. గోల్చర్లు ఇంగ్లండ్ నుంచి వచ్చి ఫిలడెల్ఫియాలో స్థిరపడిన కుటుంబం. తుపాకులూ చేశారు కాని, వాళ్ళ పేరు ఊరూరా తిరిగింది లాక్‌ల వల్ల. సుత్తి, దాన్ని వెనక్కి లాగి పట్టే స్ప్రింగులు, ఇవన్నీ బిగించిన పలకను కలిపి లాక్ అంటారు. దానికి మంచి స్ప్రింగు చేయడం అందరి చేతా అయ్యే పని కాదు. అందుకని ఊళ్ళలోని తుపాకీ కమ్మరులు లాక్‌ను ఇనుప సామాన్ల దుకాణంలో కొనుక్కుని, మిగతాది తమ చేతులతో చేసుకునేవారు. లాక్ మీది పేరు చూసి రైఫిల్ చేసినవాడెవరో చెప్పడమంటే, కుట్టుమిషన్ మీద పేరు చూసి చొక్కా కుట్టిన దర్జీ పేరు చెప్పినట్టే.

చేసినవాడి పేరు ఉంటే గొట్టం మీద ఉంటుంది. ఎనిమిది పలకల గొట్టంలో అన్నిటికంటే పై పలక మీద, వెనక గురి చూసే చీలికకు అటో ఇటో వెతకండి. చాలాచోట్ల పూర్తి పేరు ఉండదు, రెండు పొడి అక్షరాలే ఉంటాయి.

అక్కడ నేను చేసిన తప్పు మీరు చేయకూడదనే ఇంత రాస్తున్నాను. మందు తీయించి తెచ్చాక, గొట్టం మీద ఏదో ముద్ర లీలగా కనిపిస్తోంది కాని చదవడానికి రావడం లేదు. పెద్దాయన కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళారు. నేను బల్ల మీదున్న ఉక్కు పీచు తీసుకుని, చుక్క నూనె వేసి, "కొంచెమే కదా" అని రుద్దాను. బొటనవేలి గోరంత మేర గోధుమ రంగు లేచిపోయి కింద ఇనుము తళతళలాడింది. అది తుప్పు కాదు. ఇనుముకు కావాలని సన్నటి తుప్పు పట్టించి, గీకి, మళ్ళీ పట్టించి, అలా రోజుల తరబడి తెచ్చిన రంగు. గాలి వానల్లో ఇనుము మెరవకుండా, మరింత చెడకుండా ఉండటానికి ఆ కమ్మరి వేసిన పూత. పెద్దాయన కాఫీ కప్పులతో వచ్చి చూశారు. ఏమీ అనలేదు. కప్పులు పక్కన పెట్టి, లైటు ఆర్పి, సొరుగులోంచి చిన్న టార్చి తీసి, గొట్టానికి దాదాపు ఆనించి పక్క నుంచి వెలుతురు వేశారు. రుద్దితే రాని అక్షరాలు నీడలుగా లేచి నిలబడ్డాయి. జె. పి. గెమ్మర్, కింద సెయింట్ లూయిస్.

తిట్టి ఉంటే ఇంత గుర్తుండేది కాదేమో.

గెమ్మర్ ఎవరో నాకు అప్పటికి తెలియదు. ఈ ఊళ్ళో తుపాకుల పేరెత్తితే ఎవరైనా చెప్పేది హాకెన్ సోదరుల గురించే. జేకబ్, శామ్యూల్ హాకెన్ మేరీల్యాండ్‌లోని హేగర్స్‌టౌన్‌లో పుట్టిన అన్నదమ్ములు, తండ్రి కూడా తుపాకీ కమ్మరే. 1820ల నాటికి ఇద్దరూ ఇక్కడికి చేరారు. అప్పుడు సెయింట్ లూయిస్ అంటే పడమటి అడవులకు గుమ్మం. బీవరు అనే నీటి జంతువు తోళ్ళ కోసం రాకీ పర్వతాలకు వెళ్ళేవాళ్ళంతా ఇక్కడే సామాన్లు కొనుక్కుని బయల్దేరేవారు. వాళ్ళకు తూర్పు రాష్ట్రాల సన్నటి, పొడుగాటి రైఫిళ్ళు పనికిరాలేదు. గుర్రం మీద అడ్డంగా పెట్టుకోవాలి, ఎలుగుబంటిని, అడవిదున్నను కొట్టాలి, వెయ్యి మైళ్ళ అవతల విరిగితే బాగుచేసే దిక్కు ఉండదు. అందుకని హాకెన్ సోదరులు గొట్టం పొట్టిగా, మందంగా, కొయ్య సగం వరకే, ఇత్తడి బదులు ఇనుప సామాను పెట్టి చేశారు. ఆ కొండల్లో తిరిగి పేరు మోసిన కిట్ కార్సన్ వాడిన హాకెన్ ఒకటి శాంటా ఫేలో ఒక మేసోనిక్ లాడ్జిలో (మేసన్లు అనే సోదర సంఘం వాళ్ళ దగ్గర) ఉంది. అలాంటివాడే అయిన జిమ్ బ్రిడ్జర్‌ది మోంటానా చరిత్ర సంఘం దగ్గర, హెలెనాలో ఉంది.

1849లో ఈ ఊరిని కలరా, అగ్నిప్రమాదం రెండూ ఊడ్చేశాయి. ఆ కలరాలోనే జేకబ్ పోయాడు. శామ్యూల్ ఒంటరిగా మరో పదేళ్ళు నడిపి, 1859లో బంగారం వేట మొదలైన డెన్వర్ వైపు వెళ్ళాడు, కొన్నాళ్ళకు తిరిగి వచ్చాడు. 1862లో ఆ దుకాణాన్ని కొన్నవాడే జాన్ ఫిలిప్ గెమ్మర్. జర్మనీలోని నాసావులో పుట్టి, కుర్రతనంలోనే అమెరికా చేరి, అదే దుకాణంలో పనిచేసిన మనిషి. కొన్నప్పుడు వయసు పాతిక కూడా లేదు. ఆ ఏడాది దేశంలో అంతర్యుద్ధం. అప్పటికే వెనక నుంచి తూటా పెట్టే తుపాకులు ఫ్యాక్టరీల్లో వందల కొద్దీ తయారవుతున్నాయి. ఒక్కొక్కటే చేత్తో చేసి, నోట్లోంచి మందు కూరే రైఫిల్ దుకాణాన్ని అప్పుడు కొనడం తెలివైన పనేనా అంటే, నా లెక్కలో కాదు. అయినా దాన్ని 1915 దాకా నడిపాడు!

ఎలా నడిపాడన్నదే నాకు ఇష్టమైన భాగం. దుకాణంతో పాటు హాకెన్ పేరు ముద్ర కూడా అతని చేతికి వచ్చింది. మొదట్లో తాను చేసిన గొట్టాల మీద "ఎస్. హాకెన్" అనే కొట్టాడు. తర్వాత తర్వాత సొంత పేరు వేశాడు. దీన్ని మోసమనేవాళ్ళు ఉన్నారు, నేను అనను. కొనేవాడికి కావాల్సింది ఆ దుకాణం పని, ఆ పని చేస్తున్నది గెమ్మరే. పైగా శామ్యూల్ హాకెన్ అదే ఊళ్ళో ఉన్నాడు, 1884లో తొంభై రెండో ఏట పోయేదాకా. ముసలితనంలో దుకాణానికి వచ్చి కూర్చునేవాడనీ, ఒకసారి పని గుడ్డ కట్టుకుని మొదటి నుంచి చివరి దాకా ఒక రైఫిల్ తన చేతులతోనే చేశాడనీ చెబుతారు. ఇక్కడికొచ్చిన కొత్తలో నేను రాసిన ప్రోగ్రాములన్నీ మరో కంపెనీ పేరు మీదే కస్టమర్లకు వెళ్ళేవి, కాబట్టి ఈ విషయంలో నా తీర్పు కాస్త పక్షపాతమే అనుకోండి.

గెమ్మర్ పాత పద్ధతినే పట్టుకుని వేలాడలేదు. సైన్యం వాడే స్ప్రింగ్‌ఫీల్డ్ తుపాకులను తీసుకుని, హాకెన్ పద్ధతి కొయ్యలు వేసి వేటగాళ్ళకు తగ్గట్టు మలిచి అమ్మాడు. పక్కనే, అడిగినవాళ్ళకు క్యాప్ రైఫిళ్ళూ చేసి పెట్టాడు. క్యాపుతో పనిచేసే తుపాకీకి ఒక సుఖం ఉంది. తూటాలు దొరకని చోట కూడా మందు, సీసం, ఒక డబ్బీ క్యాపులు ఉంటే చాలు.

ఆ క్యాప్ సంగతి కూడా రెండు మాటల్లో చెప్పుకోవాలి. అంతకు ముందున్నది చెకుముకి తుపాకీ. రాయి ఉక్కుకు కొట్టుకుని నిప్పురవ్వ రాలి, పళ్ళెంలోని మందు భగ్గుమని, ఆ మంట లోపలికి పాకి అప్పుడు పేలేది. అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే స్కాట్లండ్ చర్చి పాస్టరుకు పక్షుల వేట పిచ్చి. ఆ మొదటి మెరుపు చూసి పిట్టలు ఎగిరిపోతున్నాయని విసిగి, దెబ్బ తగలగానే పేలే రసాయనాన్ని వాడే పద్ధతి కనిపెట్టి 1807లో పేటెంటు తీసుకున్నాడు. దాన్ని చిన్న రాగి టోపీలో పెట్టే పద్ధతికి అమెరికాలో 1822లో పేటెంటు తీసుకున్నవాడు జాషువా షా. ఇంగ్లండ్ నుంచి ఫిలడెల్ఫియాకు వచ్చిన ప్రకృతి దృశ్యాల చిత్రకారుడతను! ఒక చర్చి పాస్టరు, ఒక చిత్రకారుడు కలిసి తుపాకీ రూపు మార్చేశారు.

మందులో మాత్రం మార్పు లేదు. అదే సురేకారం, గంధకం, బొగ్గు. మా తాతగారింట్లో దీపావళికి వారం ముందు నుంచే జిల్లేడు బొగ్గు కాల్చి పెట్టుకునేవారు. ఇది చెప్పినప్పుడు పెద్దాయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఇక్కడ డెలావేర్‌లోని డ్యూపాంట్ మందు మిల్లులో విల్లో చెట్టు బొగ్గు వాడేవారట. ఆ మిల్లును 1802లో పెట్టినవాడు ఫ్రాన్సు నుంచి వలస వచ్చిన మనిషి. సురేకారం ఎక్కడిదంటే మన బీహారుది, కలకత్తా ఓడల్లో వెళ్ళేది. అంతర్యుద్ధం మొదలైన 1861 చివర్లో ఆ కుటుంబానికే చెందిన లామోట్ డ్యూపాంట్ లండన్ వెళ్ళి ఇండియా సురేకారాన్ని దొరికినంతా కొన్నాడు. సరిగ్గా అప్పుడే ట్రెంట్ అనే బ్రిటిష్ ఓడను అమెరికా ఆపిన గొడవతో బ్రిటన్‌కూ అమెరికాకూ చెడి, కొన్న సరుకు కొంతకాలం రేవు దాటలేదు. ఆ రైఫిల్లోంచి తీసిన నల్లపొడి ఏ మిల్లుదో ఎవరు చెప్పగలరు, కాని దాన్ని కాగితం మీద చూస్తున్నప్పుడు మాత్రం నాకు మా తాతగారి పెరడే గుర్తొచ్చింది.

చేతిపని అంటే ఏమిటో కూడా ఆ గ్యారేజీలోనే తెలిసింది. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయి. గుండు బొంగరంలా తిరుగుతూ పోవడానికే ఆ గాడులు, రైఫిల్ అన్న పేరు వచ్చిందీ వాటి వల్లే. హాకెన్ దుకాణం గొట్టాల్లో ఈ మెలిక చాలావరకు 48 అంగుళాలకు ఒక చుట్టు. నేను చిన్న లైటు లోపలికి దింపి లెక్కపెడితే ఏడు గాడులు తేలాయి. యంత్రాలు రాని రోజుల్లో వాటిని ఎలా కోసేవారో పెద్దాయన చీపురుకర్రతో చూపించారు. పొడుగాటి కొయ్య దూలానికి ముందే మెలిక చెక్కి ఉంటుంది. దాని చివర కడ్డీ, కడ్డీ కొసకు గోరంత ఉక్కు పన్ను. దూలాన్ని లాగితే కడ్డీ తిరుగుతూ వస్తుంది, పన్ను ఇనుమును వెంట్రుకవాసి గీరుతుంది. ఒక గాడి అయ్యాక రెండోది, అలా చుట్టూ పూర్తయ్యాక పన్ను కింద ఒక కాగితం ముక్క దూర్చి దాన్ని కాగితమంత ఎత్తు చేసి, మళ్ళీ మొదటి గాడి నుంచి. ఇలా ఎన్నో చుట్లు. "పావు అంగుళం తప్పు చేస్తే దిద్దుకోవచ్చు. కాగితమంత తప్పు చేస్తే గొట్టం పోయినట్టే" అన్నారాయన. ఆయన కూడా జీవితమంతా కాగితమంత కొలతల్లోనే బతికారు కదా.

కొయ్య మేపుల్. నునుపు చేశాక, ఇనుప రజను కరిగించిన నత్రికామ్లం పూసి నిప్పు సెగ చూపిస్తే, పచ్చగా ఉన్నది ఒక్కసారిగా ఎర్రటి గోధుమ రంగుకు తిరుగుతుంది, లోపలి అలల చారలు పైకి తేలుతాయి. ఆ పైన అవిసె నూనె. మీ రైఫిల్‌కు చారలు ఉంటే తడి వేలితో కొయ్యను రాసి ఏటవాలుగా చూడండి. మీరు కదిలితే చార కూడా నీడ మారితే అది చెట్టులోది. మారకుండా అలాగే ఉంటే రంగుతో గీసినది కావచ్చు, అలా గీసి అమ్మినవాళ్ళూ అప్పట్లో ఉన్నారు.

ఇత్తడి సంగతి. మీ రైఫిల్‌కు ఇత్తడి సామాను ఉందంటే, అందులోనూ ఒహైయోలో దొరికిందంటే, అది తూర్పు పద్ధతి పని కావచ్చు. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పి, చింతపండును పులిహోరకు దాచమనండి. చింతపండులోని పులుపు ఇత్తడి మీది నలుపును కరిగించేస్తుంది, మన దేవుడి సామానుకు అదే కావాలి. ఇక్కడ ఆ నలుపే వయసుకు సాక్ష్యం. కొనేవాళ్ళు, మ్యూజియం వాళ్ళు ముందు చూసేది దాన్నే. తళతళలాడే పాత రైఫిల్ కంటే నల్లబడ్డదానికే ధర ఎక్కువ. పొడి నూలు గుడ్డతో దుమ్ము తుడవండి, ఇనుము మీద నూనె చుక్క వేసిన గుడ్డ ఒక్కసారి నడిపించండి, అంతే. పట్టుకున్న ప్రతిసారీ చేతుల చెమట తుడిచేయండి, ఇనుముకు అదే పెద్ద శత్రువు. లాక్ మరలు విప్పాలని అసలు అనుకోకండి. ఆ మరల గాట్లు ఇప్పటి స్క్రూడ్రైవర్లకు సరిపోవు, చెడగొట్టిన గాటు మళ్ళీ రాదు.

చట్టం మాట. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం 1898లో కాని అంతకు ముందు కాని తయారైనవి పురాతన వస్తువుల కిందికి వస్తాయి, మామూలు తుపాకుల నిబంధనలు వాటికి చాలావరకు వర్తించవు. కాని రాష్ట్రాల చట్టాలు వేరువేరు. మీరు హెచ్1బి, ఎఫ్1 వంటి వీసా మీద ఉంటే తుపాకుల విషయంలో ఆంక్షలు చాలా గట్టివి కాబట్టి, ఇది నిజంగా ఆ కాలానిదేనని (అదే ఆకారంలో ఈమధ్య చేసిన నకలు కాదని) ఎవరి చేతైనా రాయించుకుని దగ్గర పెట్టుకోండి, వీలైతే లాయరును అడగండి. ఇండియాకు తీసుకెళ్ళి హాల్లో గోడకు పెట్టుకుందామన్న ఆలోచన ఉంటే మానుకోండి. కస్టమ్స్ దగ్గర "అలంకారం కోసం" అన్న మాట చెల్లదు, ఆయుధాల చట్టం అక్కడే ఎదురవుతుంది.

ఇంకో హెచ్చరిక. గొట్టం మీద హాకెన్ పేరు స్పష్టంగా, కొత్తగా, అంచులు పదునుగా కనిపిస్తే సంబరపడకండి, అనుమానించండి. ఆ పేరుకు ఉన్న ధర చూసి తర్వాత కొట్టిన దొంగ ముద్రలు చాలా ఉన్నాయి. అసలైన ముద్ర చుట్టూ ఉన్న ఇనుముతో పాటే అరిగి ఉంటుంది.

పెద్దాయన రెండేళ్ళ క్రితం కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు, రైఫిల్ కూడా ఆయనతోనే వెళ్ళింది. గుండు మాత్రం చిన్న మందుల డబ్బాలో పెట్టి నాకిచ్చారు, చారల గుడ్డముక్కతో సహా. గోరంత మెరుపు ఇప్పటికీ ఆ గొట్టం మీద అలాగే ఉందట. మొన్న ఫోనులో "నీ సంతకం బాగానే ఉంది" అన్నారు.

కర్ర పరీక్ష అయ్యాక, గది చీకటి చేసి, టార్చి పక్క నుంచి వేసి ఫోటోలు తీసి ఇక్కడే పెట్టండి. లాక్‌వి కాదు, గొట్టం పై పలకవి.